గాజుపలకపై పాలపొర: కణజాల పరీక్షలో నీటి చరిత్ర

వర్షాకాలములో పాఠశాల ప్రయోగశాలలోని బీరువా తెరచి, గాజుపలకల పెట్టెను తీసి, ఒక పలకను సూక్ష్మదర్శిని క్రింద పెట్టిన ఉపాధ్యాయునకు అప్పుడప్పుడు ఒక చిక్కు ఎదురగును. పలక చివర అంటించిన చీటిపై "కప్ప కాలేయము" అని స్పష్టముగనే వ్రాసియుండును. కాని కంటికి కనబడునది కాలేయము కాదు. పలుచని పాలపొర వంటి మసక. కటకమును తుడిచినను, క్రింది అద్దమును త్రిప్పి వెలుతురు సరిచేసినను ఆ మసక తొలగదు. వరుసలో నిలబడిన విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి చూచి, ఏమియు కనబడకున్నను కనబడినదని చెప్పి పోవుదురు. లోపము సూక్ష్మదర్శినిలో లేదు. ఆ పలకను తయారుచేసిన నాడు కణజాలములో మిగిలిపోయిన కొద్దిపాటి నీరే సాధారణముగా ఇట్టి మసకకు కారణము.

ఆ కొద్దిపాటి నీటిని పూర్తిగా తరిమివేయు ఉపాయము సూక్ష్మదర్శిని పుట్టిన వెంటనే దొరకలేదు. దొరికిన తరువాత మరియొక సంగతి బయటపడినది. నీరు కణజాల పరీక్షకు కేవలము శత్రువు కాదు. రంగు పట్టుటకు నీరు కావలెను. పట్టిన రంగును చూచుటకు, నిలుపుటకు నీరు పోవలెను. ఒకే పలకపై ఒక నిమిషమున నీరు ఉండి తీరవలెను. మరునిమిషమున లేకుండ పోవలెను. ఈ హద్దు తెలియక పలకలు పాడైన ప్రతిసారియు పరిశోధకులు క్రొత్త పాఠము నేర్చుకొనిరి.

మెదడు, కాలేయము వంటి మెత్తని అవయవముల బరువులో ముప్పాతిక పాలు, అంతకు మించియు నీరే. అట్టి వస్తువును పలుచగా కోయుట కష్టము. కోసినను గాలి తగిలిన కొలదిసేపటికి ఎండి ముడుచుకొని పోవును. ఎండకుండ తడిగా ఉంచినచో కుళ్లిపోవును. హాలెండు దేశములోని డెల్ఫ్ట్ నగరమున బట్టల వర్తకము చేసిన ఆంటొని వాన్ లీవెన్‌హుక్ ఈ చిక్కును తప్పించుకొనుటకు సులభమైన దారి పట్టెను. ఆతడు ఎండిన వస్తువులను మంగలికత్తితో పలుచగా కోసి చూచెడివాడు. 1674లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన ఉత్తరముతో పాటు అట్టి ముక్కలను చిన్న పొట్లములలో పంపెను. ఆ పొట్లములు సొసైటీ కాగితములలోనే మరుగున పడియుండి 1981లో బయటపడెను. బెండు, మొక్క కాండములోని దవ్వ, ఎండిన ఆవు దృష్టినాడి అందులో ఉండెను. మూడువందల ఏండ్లు గడచినను అవి చెడలేదు, ఏలయన వాటిలో నీరు లేదు. కాని ఎండిన దృష్టినాడిలో బ్రదికియున్ననాటి అమరిక ఎంత మిగులును? నీరు పోయినచో వస్తువు నిలుచును గాని రూపము నిలువదు. ఈ రెండును ఒకేసారి సాధించుట ఎట్లన్నదే తరువాతి నూట డెబ్బదియేండ్ల ప్రశ్న.

నీటిని తీయుటకు బదులు దానినే గట్టిపరచినవాడు జర్మనీలోని కాసెల్ నగరపు వైద్యుడు బెనెడిక్ట్ స్టిల్లింగ్. 1842 జనవరిలో గడ్డకట్టు చలి రాత్రి ఆతడు వెన్నుపాము ముక్క నొకదానిని బయట వదలెను. తెల్లవారునప్పటికి అందులోని నీరు మంచుగా మారి ముక్క గట్టిపడెను. దానిని అడ్డముగా పలుచగా కోసి చూడగా నరముల దారులు ఆతనికి ఎన్నడును కనబడనంత చక్కగా కనబడెను. నేడు శస్త్రచికిత్స జరుగుచుండగనే పక్కగదిలో కణితి ముక్కను గడ్డకట్టించి కోసి, అది ప్రమాదకరమగునో కాదో చెప్పుచున్నారు; ఆ పద్ధతికి మూలము ఇదే. కాని మంచు కరగినచో ముక్క మరల మెత్తబడును; భద్రపరచుటకు ఇది చాలదు. పైగా కొంచెము మందముగా ఉన్న ముక్క నీటిలో ఉన్నంతసేపు లోపలిభాగము మసకగానే కనబడును.

ఆ మసక ఎందుకు కలుగునో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. పకోడీలు పొట్లము కట్టిన కాగితమును వెలుతురునకు ఎత్తి చూచినచో నూనె మరక పడినచోట కాగితము అద్దమువలె తేటపడి వెనుకనున్నది కనబడును. పొడి కాగితములో నారకు నారకు మధ్య గాలి ఉండును. కాంతికిరణము నార నుండి గాలిలోనికి, గాలి నుండి నారలోనికి పోవునపుడెల్ల వంగి, చెదరి, దారి తప్పును. అందుచే కాగితము తెల్లగా కనబడును. నూనె ఆ సందులను నింపినపుడు నారయు నూనెయు కాంతిని ఇంచుమించు ఒకే తీరున వంచును గనుక కిరణము చెదరక సూటిగా సాగిపోవును. కాంతిని వంచు ఈ గుణమునకు వక్రీభవన గుణకము అని పేరు. నీటికి అది 1.33, గాజునకు 1.52 ప్రాంతము, నీరు తీసివేసిన కణజాలమునకు 1.53 లేక 1.54. కావున కణజాలమును నీటిలో ఉంచుటకంటె గాజువంటి గుణకము గల బంకలో ఉంచినచో పకోడీల కాగితమువలె తేటపడును.

అట్టి బంక దొరకనే దొరికినది. ఉత్తర అమెరికాలో పెరుగు బాల్సమ్ ఫర్ వృక్షము యొక్క బెరడులోని పొక్కుల నుండి స్రవించు జిగురును కెనడా బాల్సమ్ అందురు. దాని గుణకము గాజునకు చాల దగ్గర. ఆరినపుడు స్ఫటికములు కట్టక గాజువలెనే గట్టిపడును. 1830 తరువాత ఇంగ్లాండులోని సూక్ష్మదర్శిని ప్రియులు పురుగుల రెక్కలు, శిలల ముక్కలు మున్నగు పొడి వస్తువులను ఇందులో పొదుగుట మొదలిడిరి. తడి కణజాలమును పొదుగబోయినచో మాత్రము పని చెడినది. బాల్సమ్ నూనె జాతిది, నీటితో కలియదు. తడి ముక్కపై బాల్సమ్ వేసినంతనే పలక తెల్లబడి పోవుచుండెను.

ఈ ముడిని విప్పిన ఘనత లండను వైద్యుడు జేకబ్ అగస్టస్ లాక్‌హార్ట్ క్లార్క్‌ది. ఆతడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు. రోగులను చూచుకొనుచు మిగిలిన వేళలలో వెన్నుపామును పరిశీలించినవాడు. 1851లో రాయల్ సొసైటీ ప్రచురించిన వ్యాసములో తన పద్ధతిని వెల్లడించెను. వెన్నుపామును ఆల్కహాలులో గట్టిపరచి కోయుట, కోసిన పలుచని ముక్కలను మరల ఆల్కహాలులో నానబెట్టుట, తరువాత టర్పెంటైను తైలములో ముంచుట, తుదకు కెనడా బాల్సములో పొదిగి పైన పలుచని గాజు కప్పుట. చూచుటకు ఇది వంటవాని క్రమమువలె సామాన్యముగా ఉన్నది. ఫలితము మాత్రము సామాన్యము కాదు. అంతవరకు పైపైన మాత్రమే కనబడిన వెన్నుపాము ముక్క ఆసాంతము పారదర్శకమై, లోపలి నరకణముల గుంపులు బయటపడెను. వానిలో ఒక గుంపు నేటికిని క్లార్క్ పేరనే పిలువబడుచున్నది. 1864లో రాయల్ సొసైటీ ఆతనికి రాయల్ పతకము నిచ్చి గౌరవించెను.

క్లార్క్ పద్ధతిలోని కీలకము ఆల్కహాలు జరపిన రాయబారము. నీటికిని నూనెకును పొత్తు కుదరదు. ఆల్కహాలు నీటితో ఏ పాలులోనైనను కలియును. నీరు లేని ఆల్కహాలు టర్పెంటైనుతోను అట్లే కలియును. కావున ముందు నీటి స్థానమును ఆల్కహాలు ఆక్రమించును. తరువాత ఆల్కహాలు స్థానమును టర్పెంటైను, దాని స్థానమును బాల్సమ్ ఆక్రమించును. వస్తువు ఎక్కడను ఎండదు. ఒక ద్రవము పోవుచోటికి మరియొక ద్రవము వచ్చుచుండును. లీవెన్‌హుక్ కాలపు ప్రశ్నకు సమాధానము ఇదే: నీరు పోయినది, రూపము నిలిచినది.

అయితే ఈ మార్పు ఒక్కసారిగా జరుగరాదు. నీటిలోని ముక్కను నేరుగా గాఢమైన ఆల్కహాలులో వేసినచో నీరు వేగముగా బయటికి దూకును; ఆ ఒరవడిలో మెత్తని కణములు ముడుచుకొని వంకరపోవును. అందుచే నూటికి 50, 70, 90 పాళ్ల ఆల్కహాలు గల జాడీలను వరుసగా అమర్చి, మెట్లు దిగినట్లు ఒకదాని నుండి ఒకదానిలోనికి దింపుట వాడుక అయినది. చివరి జాడీలో శుద్ధ ఆల్కహాలు, అనగా నీరు బొత్తిగా లేనిది ఉండవలెను. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఆల్కహాలును ఎన్నిసార్లు బట్టీపట్టినను నూటికి సుమారు 95.6 పాళ్ల వద్ద ఆగిపోవును. మిగిలిన నీరు ఆల్కహాలుతో కలిసియే ఆవిరి అగును. ఆ నీటిని కూడ తొలగించిన ఆల్కహాలును 1796లో సెయింట్ పీటర్స్‌బర్గులో టోబియాస్ లోవిట్స్ సిద్ధము చేసెను. కష్టపడి తీసిన ఆ నీరు తిరిగివచ్చుట మాత్రము చాల సులభము. వానాకాలములో మూత సరిగా పెట్టని ఉప్పుజాడీ చెమర్చినట్లు, మూత వదులైన శుద్ధ ఆల్కహాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఉప్పు తడిసిన సంగతి కంటికి కనబడును. ఆల్కహాలు తడిసినను చూపునకు మునుపటివలెనే తేటగా ఉండును.

ఈ కనబడని తేమను పట్టుకొనుటకు పందొమ్మిదవ శతాబ్దపు పరిశోధకులు మైలుతుత్తమును వాడిరి. నీలిరంగు మైలుతుత్తమును మూకుడులో వేడిచేసినచో అందులోని స్ఫటికజలము పోయి తెల్లని పొడి అగును. ఆ పొడికి నీటి వాసన తగిలినచో చాలు, మరల నీలమగును. ఫ్రాన్సు దేశపు కణజాల శాస్త్రజ్ఞుడు లూయీ రాన్వియే 95 పాళ్ల ఆల్కహాలులో ఈ పొడిని వేసి, పొడి ఇక నీలముగా మారని దశకు వచ్చువరకు దానిని మార్చుచు, ఆల్కహాలును ఆరబెట్టు విధానమును చెప్పెను. పొడి నీటిని పీల్చును. నీరు ఇంకను ఉన్నదో లేదో రంగుచే తెలుపును. ఒకే వస్తువు పనివాడును సాక్షియు అయినది. ఈ పరీక్షను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో సైతము ఉపాధ్యాయుడు చేసి చూపవచ్చును. కాని ఆల్కహాలు సీసాను దీపమునకు దూరముగా ఉంచవలెను. మైలుతుత్తము విషమని విద్యార్థులకు ముందుగా చెప్పవలెను.

ఇంతలో రంగులు వచ్చిపడెను. తేటపడిన కణజాలములో వేరువేరు భాగములను గుర్తించుట ఎట్లు? అన్నియు ఒకే గాజువలె కనబడును. లీవెన్‌హుక్ 1714లోనే కండరపు నారలకు కుంకుమపువ్వు రంగు పట్టించి చూచెను గాని ఆ దారిన వెంటనే ఎవరును నడువలేదు. 1858లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జోసెఫ్ గెర్లాఖ్ మెదడు ముక్కను బాగుగా పలుచబరచిన కార్మైన్ నీటిలో ఒక రాత్రియంతయు వదలి, మరునాడు కేంద్రకములు మాత్రమే ఎర్రగా స్పష్టపడుట చూచెను. 1865లో బ్యోమర్ అను నాతడు మెక్సికో ప్రాంతపు ఒక వృక్షము చేవ నుండి తీసిన హెమటాక్సిలిన్ రంగునకు పటిక చేర్చి కేంద్రకములకు గట్టిగా పట్టునట్లు చేసెను. పటికతో రంగును నిలుపుట అద్దకపువారికి క్రొత్త కాదు. మచిలీపట్నపు కలంకారీ పనివారు బట్టపై చేయుచు వచ్చిన పని అదే. 1876 ప్రాంతమున ఇయోసిన్ అను గులాబి రంగు దానికి జోడు దొరికినది. నీలి కేంద్రకము, గులాబి జీవపదార్థము: నేటికిని లోకములోని ఆసుపత్రులన్నిటిలో కణజాలమును చూచు తొలి చూపు ఈ రెండు రంగులతోనే.

ఈ రంగులు నీటిలో పనిచేయునవి. కావున శ్రమపడి గెంటివేసిన నీటిని మరల పిలువవలసి వచ్చినది. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ కణజాలమును పారఫిన్ మైనములో పొదిగి కోయుట చూపిన పిదప ఈ రాకపోకలు ఇంకను పెరిగెను. నేటి క్రమము చూడుడు. ముక్క నుండి నీటిని ఆల్కహాలుతో తీయుదురు. ఆల్కహాలును జైలీన్‌తో తీసి, కరగిన మైనమును లోపలికి ఎక్కింతురు. నాలుగైదు మైక్రానుల మందమున కోసి, ఆ రేకును గోరువెచ్చని నీటిపై తేల్చి ముడుతలు తీసి గాజుపలకపైకి ఎక్కింతురు. పలకను ఆరబెట్టి, మైనమును జైలీన్‌లో కరగించి, ఆల్కహాలు మెట్లపై ఈసారి క్రిందికి, అనగా నీటి వైపునకు దింపుదురు. నీటిలో రంగు వేసి, మరల ఆల్కహాలు మెట్లు ఎక్కించి, జైలీన్‌లో ముంచి, బంక వేసి గాజు కప్పుదురు. ఒక్క పలక పూర్తియగునప్పటికి నీరు మూడుసార్లు వచ్చి మూడుసార్లు పోవును. ఏ పోకలో తేమ మిగిలినను దాని గుర్తు పలకపై ఉండును. గుర్తు తెలిసినవాడు అది ఏ మెట్టున మిగిలెనో చెప్పగలడు.

మొదటి గుర్తు రేకు ఊడిపోవుట. రేకునకును గాజునకును మధ్య నీరు చిక్కియుండగనే రంగులోనికి పోయినచో రేకు ఉబ్బి, మడతపడి, కొట్టుకొనిపోవును. నేపుల్స్ సముద్ర జీవ పరిశోధనాలయములోని పౌల్ మేయర్ 1883లో కోడిగ్రుడ్డు తెల్లసొనకు గ్లిసరిన్ కలిపి పలకపై పలుచగా రుద్దినచో రేకు గట్టిగా అంటునని చూపెను. పల్లెటూరి పాఠశాలలో కూడ దొరకు ఈ జిగురు ఎన్నో ప్రయోగశాలలలో దీర్ఘకాలము వాడుకలో నున్నది. కాని రేకు అడుగున నీరు నిలిచియుండగా ఏ జిగురును పనిచేయదు. పలకను నిటారుగా నిలిపి నీరు ఓడ్చిన తరువాతనే వేడి తగిలింపవలెను.

రెండవ గుర్తు జైలీన్ జాడీ తెల్లబడుట. ఫినాయిలును నీటిలో పోసినపుడు తెల్లని పాలవంటి ద్రవమగుట అందరు ఎరిగినదే. నీటిలో కలియని నూనె సన్నని బిందువులై చెదరి కాంతిని చెదరగొట్టుటయే దానికి కారణము. ఆవుపాలు తెల్లగా ఉండుటకును ముఖ్యముగా ఇట్టి కారణమే. జైలీన్‌లో ఇదే తలక్రిందులుగా జరుగును: నూనెలో నీటి బిందువులు. ఆల్కహాలు నుండి జైలీన్‌లోనికి దింపిన పలకపై తెల్లని మేఘము కమ్మినచో లోపము జైలీన్‌లో లేదు. దానికి ముందున్న జాడీలో ఉన్నది. శుద్ధ ఆల్కహాలు అని పేరు వ్రాసిన ఆ జాడీ, పలకలు మోసికొనివచ్చిన నీటితోను గాలిలోని తేమతోను ఎప్పుడో శుద్ధత పోగొట్టుకొన్నది. అనుభవము లేనివారు జైలీన్‌ను మాత్రము మార్చి ఊరకుందురు. మరి పది పలకలు దిగునప్పటికి క్రొత్త జైలీన్ కూడ తెల్లబడును. పలకలను వెనుకకు తీసికొనిపోయి తాజా శుద్ధ ఆల్కహాలులో రెండు మూడుసార్లు ముంచి, ఆ తరువాత తాజా జైలీన్‌లోనికి దింపవలెను. వరుసలోని జాడీలను ఒకేసారి పారబోయుట దుబారా. మొదటి శుద్ధ ఆల్కహాలును తీసివేసి, రెండవదానిని మొదటి స్థానమునకు జరిపి, చివర క్రొత్తది పెట్టుట మంచి పద్ధతి. పలక ఎల్లప్పుడు తక్కువ తేమ వైపునకే నడచును.

ఈ మెట్టును తొందరగా దాటింపబోయి మరియొక పొరపాటు చేయువారు కలరు. ఇయోసిన్ నీటిలోను, నీరు కలిసిన ఆల్కహాలులోను కరగును. శుద్ధ ఆల్కహాలులో అంతగా కరగదు. కావున పలక 70 పాళ్ల జాడీలో ఆలసించినచో గులాబి రంగు వెలిసిపోవును. రంగు పోవునను భయముతో ఆ జాడీల నుండి పలకను త్వరగా లాగివైచి, తుది జాడీలో కూడ అదే తొందర చూపినచో తేమ మిగులును. మొదట త్వరపడవలెను, తుద నిదానింపవలెను. తేమ మిగిలిన పలకపై ఇయోసిన్ కాలక్రమమున బంకలోనికి ఊరి అంచులు మసకబారును. కణజాలము గులాబిగా గాక, గులాబి మబ్బులో మునిగినట్లు కనబడును.

మూడవ గుర్తు పైకి తేమవలె కనబడును గాని తేమ కాదు. కొన్ని పలకలలో కేంద్రకములు నల్లగా మిలమిలలాడుచు, గోధుమరంగు చుక్కలు చల్లినట్లు ఉండును. ఇది ఎక్కువ ఎండుటవలన కలుగు దోషము. జైలీన్ నుండి తీసిన పలకపై బంక వేయుటకు ఆలస్యమైనచో జైలీన్ ఆరిపోయి ఆ సందులలోనికి గాలి దూరును; సన్నని గాలిబుడగలే ఆ చుక్కలు. గాజుమూతను జైలీన్‌లో నానబెట్టి తీసి, రేకును మరల తడిపి కప్పినచో సరిపోవును. పాలపొరకును, ఈ నల్లని మెరుపునకును మందు ఒకటి కాదు. మొదటిదానిని ఆల్కహాలు వరకు వెనుకకు నడపింపవలెను; రెండవదానికి చాలవరకు జైలీన్ చాలును. గుర్తును సరిగా చదువక మందు వేయువాడు రోగము నెరుగని వైద్యుని వంటివాడు.

కెనడా బాల్సమ్ కూడ నిర్దోషి కాదు. అది ఆరుటకు వారములు పట్టును. ఏండ్లు గడచిన కొలది పసుపుబారును. అందులోని ఆమ్లగుణము కొన్ని రంగులను వెలియజేయును. 1939లో కర్క్‌పాట్రిక్, లెండ్రమ్ అను వారు పాలిస్టిరీన్‌ను జైలీన్‌లో కరగించి తయారుచేసిన డి.పి.ఎక్స్. అను కృత్రిమ బంకను ప్రకటించిరి. అది పసుపుబారదు. తేమ విషయములో మాత్రము బాల్సమ్ కంటె ఏమాత్రమును దయగలది కాదు.

గాజు కప్పుటయే చేటు తెచ్చిన సందర్భము కూడ చరిత్రలో ఒకటి కలదు. 1873లో ఇటలీలోని అబ్బియాతెగ్రాస్సో ఊరి ఆసుపత్రిలో పనిచేయుచుండిన కామిల్లో గోల్జి, మెదడు ముక్కను మొదట పొటాసియం డైక్రోమేటులోను, తరువాత సిల్వర్ నైట్రేటులోను ఉంచి, ఏ కొద్ది నరకణములో మాత్రము కొమ్మలు రెమ్మలతో సహా కారునలుపు అగునట్లు చేసెను. 1887లో స్పెయిను దేశీయుడు శాంటియాగో రామోన్ ఇ కాహాల్ ఈ పలకలను చూచి మురిసిపోయి, ఆ పద్ధతిని తానే చేపట్టి సవరించెను. కాని ఇవి నిలువవు అను అపవాదు ఆ పద్ధతికి ఉండెను. తక్కిన పలకలవలె బంక వేసి గాజుమూత కప్పినచో కొంతకాలమునకు నల్లని నిక్షేపము చెడిపోవుచుండెను. మూత లేక, బాల్సమ్‌ను తెరపిగా ఆరనిచ్చిన పలకలు మాత్రము నిలిచెను. ఈ ముక్కలు మందమైనవి. మిగిలిన తేమ తెరచియున్న బంకలో నుండి పైకి పోగలదు. మూత క్రింద చిక్కినచో లోపలనే ఉండి నిక్షేపమును చెరచును అని నాటివారు ఒక కారణము చెప్పిరి. పదార్థ మెట్టిదైనను ఆచారము స్థిరపడినది: గోల్జి పలకకు మూత లేదు.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని 1889 అక్టోబరులో బెర్లినులో జరిగిన జర్మను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సమావేశమునకు కాహాల్ తన వెంట కొనిపోయినది ఈ పలకలనే. ఆతని స్పానిషు వ్యాసములను అచ్చట చదివినవారు అరుదు. ఆతనికి వచ్చిన ఫ్రెంచి భాష అంతంతమాత్రము. సూక్ష్మదర్శినులను వరుసగా అమర్చి పలకలను చూపెను. నాడు ఆ శాస్త్రమున పెద్దగా పేరొందిన ఆల్బర్ట్ క్యోలికర్ వచ్చి చూచి ఒప్పుకొనెను. నరకణములు ఒకదానితో ఒకటి అతుకుకొనిన వల కావు, వేటికవి వేరైనవి అను సిద్ధాంతము లోకమునకు ఎక్కినది అప్పటినుండియే. 1906లో గోల్జికిని కాహాల్‌కును కలిపి నోబెల్ బహుమానము నిచ్చిరి. ఆ పలకలు మసకబారియున్నచో కాహాల్ ఏమి చూపగలిగియుండును?

చలిదేశములలోనే తేమ ఇన్ని చిక్కులు పెట్టినది. అదే పని ఉష్ణదేశమునకు వచ్చినపుడు చిక్కులు రెట్టింపైనవి. 1897 ఆగస్టులో సికిందరాబాదు వద్ద బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమలను కోసి, వాటి జీర్ణకోశములలో మలేరియా క్రిమిని వెదకుచుండెను. ఆతడు తన జ్ఞాపకములలో వ్రాసికొనిన దానిని బట్టి, నుదుటి చెమట, చేతుల చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన ఒక్క కంటికటకము కూడ పగిలియుండెను. పంకా వేయించుకొందమన్న కోసిన దోమలు ఎగిరిపోవునని మానుకొనెను. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా వర్ణకపు రేణువులు గల కణములు కనబడెను; మరునాడు మరియొక దోమలో అవి ఇంకను పెద్దవై కనబడెను. ఇవి అప్పటికప్పుడు చూడవలసిన తడి పలకలు. ఆల్కహాలు మెట్లకు అందు అవకాశము లేదు.

మలేరియా రోగి రక్తమును చూచుటకు మాత్రము రంగు వేసిన పొడి పలక కావలెను. 1891లో రష్యా దేశపు రొమనోవ్‌స్కీ మిథిలీన్ నీలమును ఇయోసిన్‌ను కలిపి, మలేరియా క్రిమి కేంద్రకము ఊదాయెరుపుగాను, శరీరము నీలముగాను కనబడునట్లు చేసెను. ఆ రెండు రంగులు నీటిలో కలిసినపుడు మడ్డి దిగుచుండుటచే ప్రతిదినము క్రొత్తగా చేసికొనవలసి వచ్చెడిది. 1901లో విలియం లీష్మన్ ఆ మడ్డినే తీసి ఆరబెట్టి మెథనాల్‌లో కరగించెను. పొడి రక్తపు పొరపై ఈ రంగును ముందుగా నీరు లేక వేయుదురు. ఆ కొద్ది సేపటిలో మెథనాల్ రక్తకణములను ఉన్నవి ఉన్నట్లు స్థిరపరచును. తరువాత దానిపైనే రెట్టింపు నీటిని పోయుదురు. అప్పుడుగాని రంగు పనిచేయదు. ఒకే సీసాలోని రంగు, ఒకే పలకపై, మొదటి ఘట్టమున నీటిని సహింపదు. రెండవ ఘట్టమున నీరు లేక కదలదు. కణజాలపు పలక గంటలకొలది నడచు దారిని రక్తపు పలక పావుగంటలో నడచును.

రొమనోవ్‌స్కీ జాతి రంగులే మరియొక రోగము గుట్టు బయటపెట్టెను. కలకత్తా సమీపమున డమ్‌డమ్‌లో జ్వరపడిన ఒక సైనికుని ప్లీహములో తాను చూచిన సూక్ష్మాకృతులను లీష్మన్ 1903లో ప్రకటించెను. అదే సంవత్సరమున మద్రాసులో ఛార్లెస్ డానవన్ అవే ఆకృతులను చూచి, బ్రదికియున్న రోగి ప్లీహము నుండియు తీసి చూపెను. కాలా అజార్ అను జ్వరమునకు కారణము అవియే. రాస్ వానికి ఇద్దరి పేరును కలిపి లీష్మానియా డానవాని అని పేరు పెట్టెను. మొదట లీష్మన్ వానిని మరియొక జాతి క్రిమి యొక్క శిథిలరూపములని తలచెను. కొన్ని మైక్రానుల పొడవు మాత్రమే గల ఆకృతి నిజముగా క్రిమియా, చచ్చిన కణపు ముక్కయా, లేక పలక తయారీలో పుట్టిన భ్రమయా? ఇట్టి ప్రశ్నకు సమాధానము పలక శుద్ధిపై ఆధారపడియుండును.

అట్టి భ్రమను నీరే పుట్టింపగలదు. మెథనాల్ సైతము ఆల్కహాలువలెనే గాలి తేమను పీల్చును. నూటికి మూడు నాలుగు పాళ్ల నీరు చేరినను ఎర్రకణములు సరిగా స్థిరపడవు. వాని నడుమ పురుగు కొట్టినట్లు గుండ్రని తొర్రలు, అర్ధచంద్రాకారపు మెరుపుగీతలు కనబడును. కటకమును కొంచెము పైకి క్రిందికి త్రిప్పినచో ఆ గీతలు గాజుముక్కలవలె తళుక్కుమనును. నిజమైన క్రిమి అట్లు తళుక్కుమనదు, తన నీలము ఎరుపులతో నిలిచియుండును. ఆ తళుకు తెలియని క్రొత్తవాడు దానిని క్రిమియని వ్రాసినచో జ్వరము లేనివానికి మందు పడును. ఆ తొర్రల మధ్య నిజమైన క్రిమిని పోల్చుకొనలేకపోయినచో మందు పడవలసినవానికి పడదు. రక్తపు పొర తడిగాలిలో నెమ్మదిగా ఆరినను ఇట్టి దోషమే కలుగును.

కావుననే వానాకాలములో తీరప్రాంతపు ప్రయోగశాలలలో జాగ్రత్త తెలిసినవారు మెథనాల్ పెద్దసీసాను మాటిమాటికి తెరువరు. ఆనాటికి సరిపడినంత చిన్నసీసాలోనికి వంచుకొని, బిరడా బిగించి, మిగిలినదానిని సాయంకాలమున పారబోయుదురు. గాలి మరీ తడిగా ఉన్న దినములలో ఒక్క పూటలోనే రెండు మూడుసార్లు మార్చుదురు. రక్తపు పొర తీసినంతనే పలకను గాలిలో చకచక ఆడించి ఆరబెట్టుదురు. రంగులో దింపుటకు ముందు పలకను ఒకసారి వెలుతురునకు ఎత్తి, ఎక్కడైనను తడి మెరయుచున్నదేమో చూచుకొందురు.